మా అబ్బాయి తరగతిలో సిక్కు బాలుడు కిర్పాణ్‌తో వస్తున్నాడు. బడికి ఫిర్యాదు చేయవచ్చా?

మీరు కెనడాలోని మిస్సిసాగా నుంచి అడిగిన ఈ ప్రశ్నే కొన్నేళ్ల క్రితం బ్రాంప్టన్‌లో నన్నూ వేధించింది. పక్కన కూర్చునే పిల్లవాడి దగ్గర కిర్పాణ్, అంటే సిక్కులు మతాచారంగా ధరించే చిన్న కత్తి, ఉందని మా వాడు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు కనుక, మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఫిర్యాదుకు ముందు ఆ పిల్లవాడి తల్లితో ఒకసారి మాట్లాడండి.

నేను బడి గేటు దగ్గరే, కాస్త కటువుగానే అడిగాను. ఆమె నొచ్చుకున్నా, మరునాడు మమ్మల్ని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, కొడుకు స్వెటర్ కొంచెం పక్కకు జరిపి చూపించింది. భుజం మీదుగా ఏటవాలుగా దిగిన నల్లని గుడ్డ పట్టీకి, అంటే గాత్రాకు, జానెడైనా లేని కిర్పాణ్ ఉంది. దాన్ని ఒరతో, పిడితో సహా మందపాటి గుడ్డలో చుట్టి, బొంత కుట్టినట్లు దగ్గర దగ్గరగా కుట్టేశారు. ఆమె పిడి పట్టుకుని గట్టిగా లాగినా అది కదలలేదు. మా వాడి జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖిని ఇంతకంటే సులువుగా చేతికొస్తుందని నాకప్పుడే తోచింది.

తర్వాత చదివితే, 2006 మార్చి 2న ముల్తానీ కేసులో కెనడా సుప్రీంకోర్టు కూడా బడుల్లో కత్తెరలు, బేస్‌బాల్ బ్యాట్లు ఉండనే ఉంటాయి కదా అన్న కోణంలోనే ఆలోచించిందని తెలిసింది. 2001లో మాంట్రియల్‌లో 12 ఏళ్ల బాలుడి కిర్పాణ్ బడి ఆవరణలో జారిపడటంతో మొదలైన ఆ వివాదంలో, సంపూర్ణ నిషేధం మత స్వేచ్ఛకు భంగమని న్యాయమూర్తులు తేల్చారు. చెక్క ఒరలో ఉంచి గుడ్డలో కుట్టేయాలి, దుస్తుల లోపలే ధరించాలి, సిబ్బంది తనిఖీకి ఒప్పుకోవాలి అన్న షరతులను మాత్రం నిలబెట్టారు. నూరేళ్లుగా సిక్కు పిల్లలు కెనడా బడులకు వెళుతున్నా కిర్పాణ్‌తో హింస జరిగినట్లు ఒక్క ఉదంతమూ లేదని కూడా ఆ తీర్పు గుర్తుచేసింది. మనం ఉంటున్న పీల్ ప్రాంతపు బడుల్లోనైతే ఈ తగవు 1990లోనే మానవ హక్కుల విచారణకు వెళ్లి, కిర్పాణ్‌కు అనుకూలంగా తేలింది.

హైదరాబాద్‌లోని సిక్కుల బస్తీ అయిన అత్తాపూర్ సిక్కు ఛావనీకి దగ్గర్లోనే పెరిగి కూడా, కిర్పాణ్ ధరించడం సిక్కు మతావలంబనలో భాగమని మన భారత రాజ్యాంగం 25వ అధికరణమే చెబుతోందన్న సంగతి నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

కాబట్టి కిర్పాణ్ ఉందన్న కారణంతో ఫిర్యాదు చేస్తే అది నిలవదు. షరతులు ఏమిటో, వాటిని ఎవరు చూస్తున్నారో ప్రిన్సిపాల్‌ను అడిగే హక్కు మాత్రం మీకుంది. కుట్లు ఊడినట్లు గానీ, ఆ పిల్లవాడు దాన్ని బయటికి తీసి చూపిస్తున్నట్లు గానీ మీ అబ్బాయి చెబితే అదే రోజు తెలియజేయండి. బడికే కాదు, ఆ తల్లికి కూడా.