బుల్లెట్ ఇంజన్ నట్లు బిగించే ముందు

చిరంజీవి కిరణ్‌కు బాబాయి ఆశీస్సులు.

తాతగారి పాత 350 బుల్లెట్ ఇంజన్ బోరు చేయించానని, ఇక బిగించడమే మిగిలిందని రాశావు. అంత తేలిగ్గా అనకు. బిగింపులో జరిగిన పొరపాటు ఆ రోజే కనబడదు, ఎక్కడో ఊరి బయట బయటపడుతుంది.

ముందు పానాల సంగతి. ఆ ఇంజన్ తయారైంది మద్రాసులోనే అయినా డిజైన్ ఇంగ్లండ్‌ది, కొలతలు పాత బ్రిటిష్‌వి. పావంగుళం బీఎస్ఎఫ్ (సన్న మరల పాత బ్రిటిష్ రకం) బోల్టు తల వెడల్పు దాదాపు 11.3 మిల్లీమీటర్లు. నీ దగ్గరున్న 11 పానా దానికి ఎక్కదు. 12 వదులుగా ఉండి మూలలు కొట్టేస్తుంది. ఈ పాత బ్రిటిష్ కొలతల పానాలను విట్‌వర్త్ అంటారు, ఆ సెట్టు ఒకటి కొనుక్కో. ఆ పానాల మీద రాసి ఉండేది బోల్టు కాడ మందం, తల వెడల్పు కాదు. అది తెలియక చాలామంది తికమకపడతారు. పైగా ఇన్నేళ్లలో ఎవరో ఒక మెకానిక్ మిల్లీమీటరు బోల్టు ఎక్కడో దూర్చే ఉంటాడు. విట్‌వర్త్, బీఎస్ఎఫ్ త్రెడ్ (మర) కోణం 55 డిగ్రీలు, మిల్లీమీటరుది 60. రెండు మూడు చుట్లు వెళ్లి పట్టేస్తే అక్కడే ఆపెయ్. ఏ బోల్టయినా చేత్తో చివరిదాకా తిరగాలి, ఆ తర్వాతే పానా.

బిగించిన బోల్టు లాగిన రబ్బరు బ్యాండులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడే రెండు ముక్కలను పట్టి ఉంచేది. అయితే నువ్వు వేసే బలంలో నూటికి తొంభై వంతుల దాకా త్రెడ్‌లోనూ తల కిందా రాపిడికే పోతుంది. అందుకే త్రెడ్ శుభ్రత గురించి ఇంతగా చెబుతున్నాను. తుప్పు, పాత గాస్కెట్ (రెండు ముక్కల మధ్య పెట్టే పొర) బంక ఉంటే టార్క్ రెంచ్ (తిప్పే బలం, అంటే టార్క్, కొలిచి బిగించే పానా) టక్కుమంటుంది కానీ బిగింపు మాత్రం రాదు. పొడి త్రెడ్‌కి చెప్పిన టార్క్ అంకెను ఆయిల్ రాసిన త్రెడ్‌కి వాడితే బోల్టు అతిగా సాగుతుంది. మాన్యువల్‌లో ఆ అంకె దేనికి ఇచ్చారో చూసుకో. క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ కింది పెట్టెలో) అడుగు మూసుకుపోయిన రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు దానికి దారి ఉండదు. అల్యూమినియం పగిలిపోతుంది. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టించు.

టార్క్ రెంచ్ పెద్దదొక్కటే కొంటే సరిపోదు. మామూలు 8.8 గ్రేడు (బోల్టు బలం తరగతి) 6 మిల్లీమీటర్ల బోల్టుకి దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే 20 సెంటీమీటర్ల పిడి చివర 5 కిలోల బరువు వేలాడదీసినంత, అంతే. పెద్ద రెంచ్‌కి ఆ కొలత అందదు. ఏ టార్క్ రెంచ్‌తోనూ విప్పే పని చెయ్యకు, వాడాక స్ప్రింగు వదులు చేసి పెట్టు.

హెడ్ (సిలిండర్ పై మూత) నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించు. ఒకేసారి ఒకవైపు లాగితే హెడ్ వంకరపోతుంది. ఆయిల్ పంపును తిప్పే వర్మ్ (మరలాంటి గేరు) మాత్రం రివర్స్ త్రెడ్, ఎడమకు తిప్పితే బిగుస్తుంది, అక్కడ ఆవేశపడకు. టాపెట్ (వాల్వులను కదిపే భాగం) మూతకి ఉన్నది ఒక్కటే నట్టు. ఆయిల్ కారుతోందని దాన్ని ఇంకా బిగిస్తే మూత వంగి ఇంకా కారుతుంది. గాస్కెట్ మార్చాలి కానీ నట్టు మీద కోపం చూపించకూడదు.

బండి ఒకసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ చూడు. ఒక్కోదాన్ని పావు చుట్టు వదులు చేసి తిరిగి అదే టార్క్‌కి తీసుకురా, లేదంటే కదలని నట్టు దగ్గర రెంచ్ ఊరికే టక్కుమంటుంది. హెడ్ కొంచెం కిందికి దిగితే టాపెట్ సందు తగ్గుతుంది కాబట్టి అదీ అప్పుడే సరిచేసుకో.

విట్‌వర్త్ పానాలు దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నావి పంపిస్తాను. తిరిగివ్వాలి సుమా.

ఇట్లు
మీ బాబాయి