ట్యాంకు నిండుగా ఉన్నా ధార సన్నగా వస్తుంటే, పంపు కొనే ముందు చూడవలసినవి

మల్కాజ్‌గిరిలోని మీ రెండంతస్తుల పాత ఇంట్లో ట్యాంకు నిండుగా ఉన్నా పై అంతస్తు స్నానాల గదిలో ధార సన్నగా వస్తోందనీ, ప్లంబరు ప్రెషర్ పంపు పెట్టించుకోమంటున్నాడనీ రాశారు. దయచేసి కొంచెం ఆగండి. వనస్థలిపురంలోని మా ఇంట్లోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. అడ్డు ఎక్కడుందో తెలియకుండా పంపు పెడితే ఆ అడ్డు అలాగే ఉండిపోతుంది, కరెంటు పోయిన ప్రతిసారీ బయటపడుతుంది.

ముందుగా లోపం ఒక్క కుళాయిదా, మొత్తం అంతస్తుదా అన్నది తేల్చుకోండి. ఒక్క కుళాయిదే అయితే దాని మూతికి ఉండే జాలీని విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెడితే చాలు. వేసవిలో బోరు నీళ్ల మీద ఆధారపడే మన ఇళ్లలో షవరు రంధ్రాలూ ఇలాగే సున్నం పట్టి మూసుకుపోతాయి. చన్నీళ్లు బాగా వస్తూ వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజరుకు నీళ్లు వెళ్లే దారిలోని వాల్వును చూడాలి. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండిన తరువాతే ఇబ్బంది మొదలైతే పైపులో గాలి చిక్కుకుని ఉండవచ్చు. డాబా మీద ట్యాంకు పైపుకు నిలువుగా అమర్చిన గాలి గొట్టం ఉందో లేదో, ఉంటే పూడుకుపోయిందేమో గమనించండి.

అంతస్తంతా ఇదే పరిస్థితి అయితే డాబా మీది గేటు వాల్వును (చక్రం తిప్పి లోపలి పలకతో నీళ్లు ఆపే వాల్వు) అనుమానించండి. మా ఇంట్లో దాని చక్రం ఎటు తిప్పినా ఎక్కడా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉండేది. విప్పి చూస్తే లోపలి ఇత్తడి పలక కాడ నుంచి ఊడి, సగం దారిని మూసేసి కూర్చుంది. మీ ప్లంబరు చేత వాల్వు తరువాత ఉండే యూనియన్‌ను, అంటే రెండు పైపులను విప్పడానికి వీలుగా కలిపే మరల అతుకును, వదులు చేయించి చూడండి. అక్కడ నీళ్లు ఉధృతంగా చిమ్మితే అడ్డు ఇంకా కిందనే ఉన్నట్టు, అక్కడా నీరసంగానే వస్తే వాల్వులోనో ట్యాంకు మూతి దగ్గరో ఉన్నట్టు లెక్క.

మాకు వాల్వు మార్చి బాల్ వాల్వు (లోపల రంధ్రమున్న గుండు తిరిగి నీళ్లు ఆపేది) వేయించాక కింది అంతస్తు బాగుపడింది కానీ పై స్నానాల గది బాగుపడలేదు. చివరకు గోడలోని పాత జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు మలుపును కోయించి చూశాం. అర అంగుళం పైపులో ఎర్రటి తుప్పు, దాని మీద తెల్లటి సున్నపు పెచ్చు పేరుకుని పెన్సిలు దూరేంత దారి మాత్రమే మిగిలింది. పైపు లోపలి వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహం సగానికి కాదు, దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. అందుకే కొత్తగా వేయించిన సీపీవీసీ (వేడినీళ్లనూ తట్టుకునే ప్లాస్టిక్) పైపును కుళాయిల దాకా అంగుళం సైజులోనే తెచ్చి, చివరి కొమ్మలను మాత్రమే అర అంగుళంలో ఉంచాం.

ఇవన్నీ సవ్యంగా ఉన్నా పై అంతస్తు షవరు బలహీనంగానే ఉంటే, కారణం ఎత్తు. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. స్లాబు మీదే కూర్చోబెట్టిన ట్యాంకు నుంచి ఆ షవరుకు దక్కే ఎత్తు రెండు మీటర్లు కూడా ఉండదు కనుక 0.2 బార్ రావడమే కష్టం. ట్యాంకును మరో మీటరున్నర పైకి దిమ్మె కట్టి నిలపగలిగితే నా దృష్టిలో అదే శాశ్వతమైన మార్గం. అయితే నీళ్లు నిండిన 1000 లీటర్ల ట్యాంకు టన్ను బరువుంటుంది కాబట్టి గోడల మీద, పిల్లర్ల మీద భారం పడే చోటును ఇంజినీరుకు చూపించి ఎంచుకోండి.

అది కుదరనప్పుడే పంపు. దాన్ని ట్యాంకు నుంచి పై అంతస్తుకు దిగే పైపుకు మాత్రమే పెట్టించండి. జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా సంస్థ) నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించడం నేరం, పైగా వీధిలో మిగతా ఇళ్లకు నీళ్లు అందకుండా పోతాయి. పాత జీఐ అతుకులు పంపు ఒత్తిడికి కారే ప్రమాదం ఉంది కనుక పైపులు మార్చిన తరువాతే అది పెట్టాలి. పంపు పక్కనుంచి బైపాస్ పైపు, దానికొక వాల్వు తప్పకుండా అడగండి. కరెంటు లేనప్పుడు ట్యాంకు నీళ్లు ఆ దారిన దిగుతాయి.