ఇంటర్వ్యూలో ‘విల్’ ఎప్పుడు, ‘వుడ్’ ఎప్పుడు?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, కానీ ‘ఇఫ్’తో వాక్యం మొదలుపెట్టగానే విల్, వుడ్, కుడ్, మైట్‌లలో ఏది వాడాలో తెలియక ఆగిపోతున్నాను. ఇంటర్వ్యూలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ‘ఇఫ్’ వాక్యాలను టైప్ వన్, టైప్ టూ అంటూ విడగొట్టే టేబుల్స్ బట్టీపట్టడం ముందు ఆపేయండి, ఎదుటివాళ్లు జవాబు కోసం చూస్తుంటే అవేవీ గుర్తుకు రావు. చెప్పబోయేది నిజంగా జరగొచ్చా, లేక ఊరికే ఊహించుకుంటున్నారా, అది తేల్చుకుంటే చాలు.

జరగొచ్చు అనుకుంటే ‘ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ రీలొకేట్’. ఊహ మాత్రమే అయితే ‘ఇఫ్ ఐ గాట్ ద జాబ్, ఐ వుడ్ రీలొకేట్’. ఇక్కడ ‘గాట్’ చూసి ఎప్పుడో జరిగిపోయిందనుకోకండి, మాట్లాడేది రేపటి గురించే, కాకపోతే అది జరుగుతుందన్న నమ్మకం తక్కువ. మనకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. ‘టైముంటే వెళ్తాం’, ‘టైముంటే వెళ్లేవాళ్లం’ అన్నప్పుడు తెలుగులో మొదటి సగం అలాగే ఉంటుంది, ఇంగ్లిష్‌లో రెండు సగాలూ మారాలి. అందుకే చాలామంది ‘ఇఫ్ ఐ హావ్ టైమ్, ఐ వుడ్ గో’ అనేస్తారు. ‘హాడ్’ అనాలి.

ఇంటర్వ్యూలో ‘వాట్ వుడ్ యు డూ ఇఫ్ యువర్ టీమ్ మిస్డ్ ఎ డెడ్‌లైన్?’ లాంటివి తరచూ అడుగుతారు. ప్రశ్నలో వుడ్ వినిపిస్తే జవాబు కూడా వుడ్‌తోనే మొదలుపెట్టండి: ‘ఐ వుడ్ ఫస్ట్ టాక్ టు ద టీమ్’. తర్వాత ‘వి కుడ్ ఆస్క్ ఫర్ టూ మోర్ డేస్’ అంటే అదొక దారి ఉందని, ‘ద క్లయింట్ మైట్ అగ్రీ’ అంటే ఒప్పుకుంటారో లేదో తెలియదని. ఈ తేడా పలికించగలిగితే మీరు ఆలోచించి మాట్లాడుతున్నారని ఎదుటివాళ్లకు తెలుస్తుంది, నా దృష్టిలో గ్రామర్ కంటే అదే ముఖ్యం. కుడ్, మైట్‌ల ముందు మళ్లీ వుడ్ పెట్టకండి.

అయిపోయినదాని గురించైతే ‘ఇఫ్ ఐ హాడ్ స్టార్టెడ్ ఎర్లియర్, ఐ వుడ్ హావ్ ఫినిష్డ్’. ‘ఇఫ్’ పక్కనే వుడ్ పెట్టే అలవాటుంటే మానుకోండి. ‘ఇఫ్ యు వుడ్ వెయిట్ ఎ మినిట్’ అని మర్యాదగా అడగడం వేరే సంగతి, అది తప్పు కాదు.

ముందుముందు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసే ఆలోచన ఉన్నా ఇది పనికొస్తుంది, స్పీకింగ్ మార్కుల్లో నాలుగో వంతు గ్రామర్‌దే. రోజూ ఇలాంటి ప్రశ్న ఒకటి తీసుకుని పైకి జవాబు చెప్తూ ఫోన్‌లో రికార్డ్ చేయండి. విన్నప్పుడు మిగతావి వదిలేసి ‘ఇఫ్’ తర్వాత ఏ క్రియ వాడారో, రెండో సగంలో ఏది వాడారో చూసుకోండి. తప్పు దొరికితే ఆ వాక్యం ఒక్కటే సరిచేసి మళ్లీ చెప్పండి.