నాలుగు ట్రిప్పులు, ఒక్క స్టీల్‌హెడ్ కూడా పడలేదు!

ప్రశ్న: నమస్తే అండి, నేను పోర్ట్‌లాండ్‌లో ఉంటా. వానపాము గుచ్చి గాలం వెయ్యడం తప్ప ఇంకేం రాదు, పోయినేడాదే ఫ్లై ఫిషింగ్ (ఎర బదులు ఈకలు, దారాలతో కట్టిన ఉత్తుత్తి పురుగుని, అదే ‘ఫ్లై’ని, విసిరి చేప పట్టడం) మొదలెట్టా. ఇక్కడి ఒరెగాన్ రాష్ట్రంలోనే ఉన్న నార్త్ అంప్‌క్వా నదికి నాలుగుసార్లు వెళ్ళొచ్చా, ఒక్క స్టీల్‌హెడ్ కూడా తగల్లేదు. అసలు ఏ నెలలో వెళ్ళాలి, చలికాలానికి వేరే రాడ్ కొనాలా?

జవాబు: నాలుగు ట్రిప్పులకే దిగులు పడితే ఎలా అండీ, నాకు మొదటిది పడటానికి రెండేళ్ళు పట్టింది, అదీ ఒడ్డుకి రాకుండానే పోయింది, ఆ కథ చివర్లో చెప్తా.

స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్ళొచ్చిన రెయిన్‌బో ట్రౌటే, జాతి ఒక్కటే. చినూక్, కోహో సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి, వీటిలో మాత్రం కొన్ని బతికి మళ్ళీ సముద్రానికి పోతాయి. ఇవి వేసవిలో ఒక గుంపు, చలికాలంలో ఒక గుంపుగా వస్తాయి. వేసవి గుంపు నదిలోకి వచ్చాక చలికాలం చివర్లో గుడ్లు పెట్టేదాకా నెలల తరబడి అక్కడే ఉంటుంది, పెద్దగా తినదు కూడా. తినని చేప ఫ్లైని ఎందుకు పట్టుకుంటుందంటే కోపమో, కుతూహలమో, పాత అలవాటో, ఎవరి థియరీ వాళ్ళది.

అందుకే నేను నెల కంటే నీళ్ళ వేడి ఎక్కువ చూస్తా, జేబులో థర్మామీటర్ లేకుండా బయల్దేరను. 50ల్లో (ఫారెన్‌హీట్ లెండి) ఉంటే చేప ఫ్లై కోసం పైకి లేస్తుంది, కాబట్టి వేసవిలో ఫ్లోటింగ్ లైను (నీళ్ళమీద తేలేది), నీళ్ళమీద గీత గీసుకుంటూ పోయే మడ్లర్ అనే ఫ్లై చాలు, మీ దగ్గర 8 వెయిట్ రాడ్ (ఆ అంకె రాడ్ బలానికి గుర్తు) ఉంటే ఇంకేం కొనకండి. తెల్లారుతుండగా లేదా పొద్దుగూకేటప్పుడు వెళ్ళండి. 68 దగ్గరికొస్తే మాత్రం రాడ్ మడిచి ఇంటికెళ్ళిపోండి, ఆ వేడిలో పట్టి వదిలిన చేప కోలుకోవడం కష్టం.

జనవరి నుంచి మార్చి దాకా చలికాలం గుంపు, నీళ్ళు 40ల్లో ఉంటాయి, చేప బద్ధకంగా అడుగునే ఉంటుంది, ఫ్లైని దాని ముక్కు దాకా మనమే తీసుకెళ్ళాలి. సింక్ టిప్ (కొస మునిగే లైను), పెద్ద నల్ల ఫ్లై వాడాలి. అప్పుడైతే 13 అడుగుల స్పే రాడ్ (రెండు చేతులతో పట్టుకునే పొడుగు రాడ్) సుఖం, వెనక చెట్లున్నా ఇబ్బంది లేదు, లైనుని వెనక్కి చాచకుండా ముందుకే విసరొచ్చు.

ఇక అసలు కథ. ఫ్లైని వాలుగా కిందికి విసిరి, లైనుని ఓసారి పైకి మెండ్ చేసి (అంటే నీళ్ళమీదున్న లైనుని ఎగువ వైపు తిప్పివేసి), అది ప్రవాహానికి అడ్డంగా ఊగుతూ ఒడ్డు వైపు వచ్చేదాకా ఆగడం, రెండడుగులు దిగడం, మళ్ళీ విసరడం, ఇంతే పని. ఆ రోజు ఊపు సగంలో ఉండగా లైను మెల్లగా బరువెక్కింది, నేనేమో ట్రౌట్‌కి చేసినట్టే టక్కున రాడ్ లేపా, ఫ్లై దాని నోట్లోంచి బయటికొచ్చేసింది. లేపకూడదండీ! అది తిరిగి వెళ్తూ రీలు లాగేదాకా చేతులు కట్టుకున్నట్టే ఉండాలి.

ఇంకోటి, వెళ్ళేముందు ఆ ఏడాది రూల్స్ చూసుకోండి. నార్త్ అంప్‌క్వాలో 31 మైళ్ళ మేర ఫ్లై తప్ప వేరేది వెయ్యకూడదు, 2021 ఆగస్టులో చేపలు మరీ తక్కువ వచ్చాయని ఫిషింగే ఆపేశారు.

ప్రశ్న: సెప్టెంబర్లో గులకరాళ్ళ మీద పెద్ద సాల్మన్లు జతలుగా కనిపించాయి, వాటికి ఫ్లై వెయ్యొచ్చా?

జవాబు: వద్దండీ, అవి గుడ్లు పెట్టే పనిలో ఉన్నాయి. రాళ్ళలో శుభ్రంగా తుడిచినట్టు లేత రంగు మచ్చ కనిపిస్తే అది గూడు, దాని మీద కాలు కూడా పెట్టకండి. చేపల్ని చూడాలనుంటే వేసవి చివర్లో స్టీమ్‌బోట్ క్రీక్ మీదున్న బిగ్ బెండ్ మడుగుకి వెళ్ళండి, చల్లటి నీళ్ళ కోసం స్టీల్‌హెడ్లు వందల్లో గుమిగూడి ఉంటాయి, ఆ వాగులో ఫిషింగ్ నిషేధం కాబట్టి రాడ్ కార్లోనే వదిలేసి వెళ్ళండి.