లాయల్టీ పాయింటుకు ఎంత విలువ పెట్టాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బ్యాగులు అమ్మే చిన్న షాపు నడుపుతున్నాను. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రావాలని లాయల్టీ పాయింట్లు మొదలుపెడదామనుకుంటున్నాను. ఎంత కొంటే ఎన్ని పాయింట్లు ఇవ్వాలి, పాయింటు విలువ ఎంత అని యాప్ అడుగుతోంది. పోటీ షాపువాళ్లు నూటికి పది ఇస్తున్నారు. నేను కనీసం అయిదైనా ఇవ్వకపోతే కస్టమర్లు పోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంత పెట్టమంటారు?

జవాబు: ముందు ఆ పోటీ షాపును పక్కన పెట్టండి. వాళ్లకు నూటికి ఎంత మిగులుతుందో మీకు తెలియదు. మీకు ఎంత మిగులుతుందో మాత్రం మీ లెక్కల్లోనే ఉంది.

యాప్ రెండు అంకెలు అడిగినా మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే. నూరు ఖర్చుపెట్టిన మనిషికి ఎంత తిరిగిస్తున్నారు? నూటికి 2 పాయింట్లిచ్చి ఒక్కో పాయింటును ఒకటిగా లెక్కగట్టినా, 200 పాయింట్లిచ్చి వందేసి పాయింట్లను ఒకటిగా లెక్కగట్టినా మీ జేబులోంచి పోయేది రెండే. పెద్ద అంకె కంటికి బాగుంటుంది, నిజమే. కానీ కస్టమర్ నోటిలెక్కతో తేల్చుకోగలిగిందే నాకు నచ్చుతుంది.

ఇప్పుడు మీ అయిదు శాతం సంగతి చూద్దాం. అమ్మకం 100 అనుకోండి. సరుకుకు 60, ప్యాకింగ్, కొరియర్‌లకు 15, పేమెంట్ గేట్‌వేకు 2, ప్రకటనలకు 8, వాపసుల నష్టం 3. మిగిలింది 12. అందులోంచి 5 ఇచ్చేస్తే 7. అంటే మీ లాభంలో నూటికి 40కి పైగా పోయినట్టే. పాత లాభం మళ్లీ కళ్లజూడాలంటే అమ్మకాలు 71 శాతానికి మించి పెరగాలి. అదే 2 ఇస్తే 20 శాతం పెరిగితే సరిపోతుంది. ఈ అంకెల స్థానంలో మీవి వేసి చూసుకోండి. మిగిలేది 12 దగ్గర్లోనే ఉంటే నా సలహా 2, మహా అయితే 3.

మళ్లీ వచ్చినవాళ్ల కోసం ప్రకటనలకు ఖర్చుపెట్టనక్కర్లేదు కదా అంటారేమో. అవును, అక్కడ మిగిలే 8లోంచే పాయింట్ల ఖర్చు రావాలి. కాకపోతే ఎలాగూ మీ దగ్గరే కొనేవాళ్లు కూడా పాయింట్లు వాడుకుంటారు. వాళ్లకు ఇచ్చింది ఉత్త డిస్కౌంటే. కొందరు వాడుకోకుండా మర్చిపోతారు, కానీ ఆ మతిమరుపును నమ్ముకుని విలువ పెంచకండి. అందరూ వాడుకున్నా షాపు తట్టుకోవాలి.

ఇంకో సంగతి, పాయింటు మీరు పడ్డ బాకీ. 2018 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15 కూడా ఇలాంటి పాయింట్లకు చెందిన వాటాను అమ్మిన రోజే ఆదాయంగా చూపనివ్వదు. వాటిని వాడుకున్నాకో, గడువు తీరాకో చూపాలి. మీ షాపుకు ఆ ప్రమాణం వర్తించినా వర్తించకపోయినా, నెలాఖరున ఎన్ని పాయింట్లు బయట ఉన్నాయో చూసి వాటి విలువను బాకీల కింద రాసుకోండి.

షాపులు ఎక్కువగా దెబ్బతినేది పాయింటు విలువ దగ్గర కాదు, షరతుల దగ్గర. ఒకే బిల్లులో 10 శాతం కూపన్, పాయింట్లతో 5 తగ్గింపు కలిశాయంటే ఆ పన్నెండూ పోయి, పైన మరో 3 చేతినుంచి పడుతుంది. రెండూ కలిపి వాడే వీలు ఇవ్వకండి. డెలివరీ ఛార్జీల మీద, పన్ను మీద, పాయింట్లతో కట్టిన మొత్తం మీద మళ్లీ పాయింట్లు ఇవ్వకండి. వాపసు గడువు దాటాకే జమ చేయండి, లేదంటే పాయింట్లు వాడేసుకుని మొదటి బ్యాగు వెనక్కి పంపేవాళ్లు తగులుతారు.

‘కనీసం ఇన్ని పాయింట్లు ఉండాలి’ అనే పరిమితి మాత్రం మీకు వద్దు. సగటు బిల్లు 100 అయి, 10 పాయింట్లు కూడితే గానీ వాడనివ్వం అంటే అయిదు ఆర్డర్లు ఆగాలి. బ్యాగులు అంత తరచుగా ఎవరు కొంటారు? రెండో ఆర్డరుకే ఎంతో కొంత తగ్గితేనే ఈ పథకం ఉందని గుర్తుంటుంది.

రెండుతో మొదలుపెట్టండి. తర్వాత మూడు చేస్తే సంతోషిస్తారు, అయిదు ఇచ్చి రెండుకు దించితే తిడతారు. మధ్యలో ఊపు కావాలంటే ఓ వారం డబుల్ పాయింట్లు పెట్టొచ్చు. గడువు చివరి కొనుగోలు నుంచి ఏడాది పెట్టి, నెల ముందు ఒక మెయిల్ పంపండి. చాలా యాప్‌లలో గడువు గడి ఖాళీగా వదిలేస్తే పాయింట్లు ఎప్పటికీ చెల్లుతూనే ఉంటాయి, సేవ్ నొక్కే ముందు అదొకసారి చూసుకోండి.