రాత్రి భోజనం మానేసి అప్పు తీర్చాలనుకుంటున్న మీకు

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. జీతం 25 వేలు, బయట అప్పు ఉంది, రాత్రి భోజనం మానేస్తే నెలకు రెండు వేలు మిగులుతాయి, మరీ గట్టిగా పొదుపు చేసినవాళ్ళుంటే ఇంకేం చేయొచ్చో చెప్పండి అని అడిగారు. మా ఇంట్లో నలుగురం నాలుగేళ్ళు అలాగే బతికాం. ఏది పనికొచ్చిందో, ఏది మా ప్రాణం మీదికి తెచ్చిందో రెండూ చెప్తాను.

2019 దసరా వెళ్ళాక తణుకులో మా నాన్న బట్టల కొట్టు మూసేశారు. సరుకు అమ్మి ఇవ్వాల్సినవి ఇచ్చేశాక కూడా ఆరు లక్షల అప్పు మిగిలింది. అదీ మూడు రూపాయల వడ్డీకి. అంటే నెల తిరిగేసరికి 18 వేలు వడ్డీకే పోవాలి. అమ్మ, నాన్న, చెల్లి హైదరాబాదులో నా దగ్గరికి వచ్చేశారు. బోరబండలో రెండు గదుల ఇల్లు, అద్దె 7 వేలు. నా జీతం 31 వేలు, నాన్న ఒక దుకాణంలో లెక్కలు రాస్తే వచ్చేది 11 వేలు. వడ్డీ, అద్దె పోగా నలుగురికీ మిగిలేది 17 వేలు. దాంట్లోంచి నాలుగున్నర వేలు ఎలాగైనా పక్కన పెట్టాలని అమ్మ పట్టుబట్టింది, పెట్టింది కూడా.

ఎలా పెట్టిందో చెప్తాను. నూనె ప్యాకెట్ ఖాళీ అయ్యాక కత్తెరతో మూడు వైపులా కత్తిరించి పుస్తకంలా విప్పేది. దాని మీద గుప్పెడు గోధుమపిండి చల్లి, అరచేత్తో మూలమూలలా రుద్దేది. పిండి నూనెనంతా పీల్చుకుని ముద్దముద్దగా ఊడి వచ్చేది. ఆ పిండినే చపాతీలకి కలిపేది. ప్యాకెట్ చేత్తో ముట్టుకుంటే జిడ్డు తగిలేది కాదు. పేస్టు ట్యూబు చివర్న కత్తిరించి బ్రష్షుతో లోపలంతా తుడిస్తే మరో వారం వచ్చేది. సబ్బు అరిగి రేకులా అయితే కొత్త సబ్బుకి తడిపి అతికించేది. పెరుగు గిన్నెలో నీళ్ళు పోసి తిప్పి మజ్జిగలో కలిపేది. బీరకాయ తొక్కు పచ్చడి, అరటికాయ తొక్కు వేపుడు, తోటకూర కాడలు పులుసులోకి. ఇవి మా గోదావరి జిల్లాల్లో కలిగినవాళ్ళూ చేసుకునేవే. నా ఆఫీసు చొక్కాలకి కాలరు చిరిగితే దర్జీ దగ్గర తిరగేసి కుట్టించుకునేవాణ్ణి. ముప్పై రూపాయలతో చొక్కా మరో ఏడాది నిలిచేది.

గ్యాసు దగ్గర బాగా కలిసొచ్చింది. సిలిండర్ మార్చిన తేదీ అమ్మ వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసేది. మొదట్లో 14.2 కిలోల బండ మాకు 34 రోజులు వచ్చేది. కందిపప్పు గంట ముందు నానబెట్టడం, కుక్కర్లో అడుగున పప్పు, మధ్య గిన్నెలో కూరముక్కలు, పై గిన్నెలో బియ్యం పెట్టి ఒకేసారి దించడం, రెండు కూతలు రాగానే ఆపేసి ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తియ్యకపోవడం అలవాటయ్యాక 55 రోజులకు వెళ్ళింది. 2022 జూలైలో హైదరాబాదులో బండ 1,105 రూపాయలైంది. ఆ రేటు మీద చూస్తే ఈ మూడు అలవాట్లతోనే నెలకు 370 దాకా మిగిలేది. ఎవరి నోటి దగ్గరా ఏమీ తగ్గలేదు, అందుకే మీకు దీన్ని ముందు చెప్తున్నాను.

కరెంటు విషయంలో నేనే కాపలా కాసేవాణ్ణి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం నెల వాడకం 100 యూనిట్ల లోపుంటే మొదటి 50కి యూనిట్ 1.95, తర్వాతి 50కి 3.10. అంటే సరిగ్గా 100కి 252 రూపాయల 50 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైందా, మొదటి వందకీ 3.40 చొప్పున, ఆ 101వ దానికి 4.80 వేస్తారు. మొత్తం 344 రూపాయల 80 పైసలు. మిగతా చార్జీలు వేరే. ఒక్క యూనిట్‌కి 92 రూపాయలు! రీడింగ్ తీసే తేదీకి వారం ముందే మీటర్ చూసుకుని, 90 దాటి ఉంటే ఆ వారం ఇస్త్రీపెట్టె ముట్టుకునేవాళ్ళం కాదు. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉండి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. మీరు తెలంగాణలో ఉంటే ముందు అది చూసుకోండి.

కూరగాయలు ఎర్రగడ్డ రైతుబజారులో, అదీ రాత్రి ఏడున్నర దాటాక. ఆ వేళకి బోర్డు మీది రేటు ఎవరూ చూడరు, మిగిలినవి కుప్పలు పోసి ఇచ్చేస్తారు. నేను నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాణ్ణి. ఆఫీసు హైటెక్ సిటీలో. కరోనాకి ఆగిన ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైళ్ళు 2021 జూన్‌లో మళ్ళీ మొదలయ్యాక బోరబండ నుంచి అక్కడికి టికెట్ 5 రూపాయలే. రైలు తప్పితే తర్వాతిది ఎప్పుడో, అందుకని గంట ముందే స్టేషన్లో కూర్చునేవాణ్ణి.

ఇంత చేస్తే, నెలకి నాలుగున్నర వేల చొప్పున ఏడాదికి 54 వేలు. చెల్లి డిగ్రీ ఫీజుకీ, పుస్తకాలకీ సరిపోయింది. అసలు అప్పు ఆరు లక్షలు ఆరు లక్షలుగానే ఉంది, రూపాయి కదల్లేదు. ఆ లెక్క చూసిన రాత్రి నాన్న అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయారు.

దారి చూపించింది నాన్న స్నేహితుడు ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇంటికొచ్చి అంతా విని, "ఇంట్లో బంగారం ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగారు. ఉంది. అమ్మ గాజులు, గొలుసు, చెల్లి పెళ్ళికని చేయించినవి, అంతా కలిపి పన్నెండు కాసులు. కొట్టు మూసేసినప్పుడు కూడా అమ్మ దాని ఊసెత్తనివ్వలేదు. తాకట్టు పెట్టిన ఇల్లు అన్న మాట పడకూడదని. ఆయన చీటీ మీద లెక్క వేసి చూపించారు. 2021 జనవరిలో ఆ బంగారం మీద బ్యాంకు మూడున్నర లక్షలు ఇచ్చింది, వడ్డీ నెలకి నూటికి 80 పైసలు. దాంతో బయటి అప్పులో అంత మేర తీర్చేశాం. ఆ మూడున్నర లక్షలకీ బయట నెలకి 10,500 కట్టేవాళ్ళం, బ్యాంకులో 2,800. అంటే నెలకి 7,700 మిగులు. ఏడాదిపాటు నూనె ప్యాకెట్లు తుడిచి, రాత్రిపూట బజారుకి నడిచి నెలకి నాలుగున్నర వేలు మిగిలిస్తే, ఒక్క పూట బ్యాంకులో కూర్చుంటే దానికి ఒకటిన్నర రెట్లకు పైగా వచ్చింది. పరువు పోతుందని మేం ఆగిన పదిహేను నెలల్లో ఎంత పోయిందో లెక్క కడితే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక మీరు తప్పకుండా వినాల్సినది. అమ్మకి బీపీ ఉంది, రోజూ రెండు మాత్రలు. ఇంటి ఖర్చంతా ఒక పద్దుపుస్తకంలో రాసేది, నెలాఖరున నేను చూసేవాణ్ణి. 2021 మేలోనో జూన్‌లోనో మందుల వరసలో అంకె సగానికి తగ్గింది. ఎక్కడో చవకగా దొరికిందనుకున్నాను. "భలే తగ్గించావమ్మా" అన్నాను కూడా. తను నవ్వి ఊరుకుంది.

ఆగస్టులో ఒక ఉదయం గిన్నెలు కడుగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే బీపీ 200 మీద 110. ఇంకొంచెం ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదన్నారు. మాత్రల పట్టీలు తీసుకురమ్మంటే ఇంటికి వెళ్ళాను. బీరువాలో, చీరల కింద, సగం సగం వాడిన పట్టీలు దొరికాయి. కొన్ని మాత్రలు బ్లేడుతో రెండు ముక్కలు చేసి కాగితంలో చుట్టి ఉన్నాయి. మంచం పక్కన కూర్చుని అడిగితే, "రోజు విడిచి రోజు వేసుకున్నా బానే ఉంది కదా నాన్నా, చెల్లి ఫీజు కట్టాలిగా" అంది. ఆసుపత్రికి 38 వేలు అయింది. వంటింట్లో ఎనిమిది నెలలు కూడబెట్టినదంతా మూడు రోజుల్లో పోయింది. డబ్బు పోతే పోనీ, ఆ అంకె తగ్గినందుకు నేను మెచ్చుకున్నాను, అది మర్చిపోలేకపోతున్నాను.

తర్వాత డాక్టరు గారినే అడిగి, కంపెనీ పేర్లు కాకుండా మందుల అసలు (జెనరిక్) పేర్లు రాయించుకుని జన ఔషధి కేంద్రంలో కొనడం మొదలుపెట్టాం. అవే మందులు, మునుపటి ఖర్చులో ఐదో వంతు కూడా కావడం లేదు. ముందే తెలిసుంటే అమ్మ బ్లేడు పట్టుకోవాల్సిన పని లేదు. మీ ఇంట్లో రోజూ మందులు వాడేవాళ్ళుంటే ఈ వారమే వెళ్ళండి, కానీ మందు మార్చేముందు డాక్టరుకి ఒక మాట చెప్పండి.

ఆ రోజు నుంచి కొన్ని మానేశాం. వాడిన టీపొడి మళ్ళీ మరిగించడం, వేయించిన నూనె నాలుగైదు సార్లు వాడటం ఆపేశాం. చదివింపులు ఇవ్వాల్సి వస్తుందని పెళ్ళిళ్ళకి వెళ్ళకపోవడం కూడా మానేశాం. నూట పదహార్లు చదివించి వచ్చినా ఎవరూ ఏమీ అనుకోలేదు. అప్పటికే మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళలేదు, పిన్ని ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.

బయటి రెండున్నర లక్షలు 2022 చివరికి తీరాయి. బంగారం 2024 సంక్రాంతికి ముందు విడిపించాం. నూనె ప్యాకెట్ ఇప్పటికీ అమ్మ అలాగే విప్పి తుడుస్తుంది, తలుపు వెనక తేదీ ఇప్పటికీ పడుతుంది. పద్దుపుస్తకంలో మందుల వరస మాత్రం నేను రాస్తాను, పట్టీలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి.

మీ సంగతికి వస్తే, రాత్రి అన్నం మానకండి. పగలంతా పనిచేసి ఖాళీ కడుపుతో పడుకుంటే ఆ రెండు వేలు ఇంకో దారిన పోతాయి, మా ఇంట్లో పోయినట్టే. మీది ఏ ఊరో రాయలేదు. ఆంధ్రలో అయితే దగ్గర్లో అన్న క్యాంటీన్ ఉందేమో చూడండి, పూటకి 5 రూపాయలు, రాత్రి భోజనమూ ఉంటుంది. బియ్యం, పప్పు తెచ్చుకుని గదిలోనే వండుకున్నా హోటల్ ఖర్చులో సగం తగ్గుతుంది. ఇవన్నీ తర్వాత. అప్పు ఎంత, ఎన్ని రూపాయల వడ్డీకి తెచ్చారు, ఇంట్లో బంగారం ఏమైనా ఉందా, ఈ మూడూ కింద రాయండి. ఆ బ్యాంకు ఆయన మాకు వేసి చూపించిన లెక్కే మీకూ వేసి పెడతాను.