సెల్ఫ్ మోటారు తిరుగుతుంది, ఇంజన్ కదలదు: సమాధానం

మీ స్కూటర్‌కు సెల్ఫ్ నొక్కితే మోటారు గిర్రున తిరుగుతోంది, ఇంజన్ కదలడం లేదు, కిక్ కొడితే మాత్రం వెంటనే స్టార్ట్ అవుతోంది అన్నారు కదండీ. అయితే బ్యాటరీ కొనకండి. బ్యాటరీ బలహీనమైతే మోటారే ఈడ్చుకుంటూ తిరిగేది, లేదా మోటారుకు కరెంటు ఇచ్చే రిలే టకటకమనేది. అనుమానించాల్సింది వన్‌వే క్లచ్‌నే, అంటే మోటారు తిప్పుడును ఇంజన్‌కు ఒకవైపే అందించే భాగాన్ని.

కొన్ని మోడళ్లలో ఇది మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనక, కొన్నింటిలో బెల్టు కవర్ లోపల వేరియేటర్ (ఇంజన్ వైపున్న బెల్టు పుల్లీ) వెనక ఉంటుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. క్లచ్ గేరును చేత్తో తిప్పి చూడండి: ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు వెంటనే పట్టేయాలి. పట్టి జారితే క్లచ్ లోపలి రోలర్లు అరిగాయి, లేదా స్ప్రింగులు చచ్చాయి. మూడు రోలర్లు, స్ప్రింగులు, పిన్నులు కలిపే మార్చండి. గేరు బాస్ (రోలర్లు ఆనే గేరు మధ్య భాగం) మీద గాడి పడి ఉంటే అదీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త రోలర్లూ జారతాయి.

వేరియేటర్ నట్టు విప్పేటప్పుడు ఫ్యాన్ రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, విరుగుతాయి. పుల్లీ తిరగకుండా పట్టే హోల్డర్ వాడండి.

అసలు జాగ్రత్త బిగింపులో ఉంది. వెనక పుల్లీని విడదీసి బెల్టును లోతుగా దించాకే వేరియేటర్ నట్టు బిగించాలి. బెల్టు వదులుగా లేకపోతే వేరియేటర్ రెండు ముఖాల మధ్య నలుగుతుంది. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, బండి నడిచాక వదులై క్రాంక్ స్ప్లైన్లను (ఇంజన్ షాఫ్టు మీది గాళ్లను) తినేస్తుంది. అది చాలా ఖరీదైన నష్టం. బిగించాక బెల్టు చేతికి ఆడుతోందో లేదో చూడండి.

బెల్టుకు, పుల్లీ ముఖాలకు గ్రీజు అంటకూడదు.